ముబారక్‌ని అడిగారా?

బూరుగు దూది పరుపు మీద నాలుగైదేళ్లు పడుకుంటే దూది ఉండలు కట్టి నేల కన్నా గట్టిపడుతుంది. అప్పుడు పరుపు విప్పి, దూది ఎండలో ఆరబోసి, సన్నటి పొడుగు కర్రతో కొట్టాలి. కొట్టేకొద్దీ ఉండలు విడిపోయి దూది పొంగుతుంది. తెనాలిలో ఇప్పుడు ఈ పని మిషన్లు చేస్తున్నాయి. అయినా మిషన్లో వేస్తే దూది చచ్చిపోతుందని నమ్మే ఇళ్లు చుట్టుపక్కల ఇంకా మిగిలాయి. వాళ్లు చుండూరు నుంచీ, భట్టిప్రోలు నుంచీ ఆటోల మీద పరుపులు కట్టుకుని మారీసుపేటలోని ఇమామ్ సాహెబ్ దుకాణానికి వస్తారు. అక్కడ కర్ర పట్టేది ఆయన కొడుకు ముబారక్.

ముబారక్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టుకలోనే ఏదో తేడా జరిగింది. నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. చదువు అంటలేదు. చిల్లర లెక్క రాదు. వారాల్లో శుక్రవారం ఒక్కటే గుర్తు. దీన్ని మానసిక వైకల్యం అంటారు. ఇది జబ్బు కాదు, మందులతో పోయేదీ కాదు. మనసుకు వచ్చే జబ్బులు వేరు, వాటికి వైద్యం ఉంది. ఈ రెండూ ఒకటి కాదని ఆస్పత్రి గోడల మీద పోస్టర్లు అతికించారు. ఊరికి మాత్రం రెంటికీ కలిపి పిచ్చి అనే ఒక్క మాట సరిపోయింది. ఇమామ్ సాహెబ్ ఏ పెళ్లికి వెళ్లినా ముందు ఆయన వెనక్కి చూసేవాళ్లు. "వాణ్ణి తేలేదు కదా సాయిబూ?" అని అడిగి, తేలేదని రూఢి చేసుకున్నాకే భోజనాలకు రమ్మనేవాళ్లు.

పదేళ్లప్పుడు అతన్ని బాపట్లలో ఒక బడిలో చేర్చారు. ఇలాంటి పిల్లల కోసం హెలెన్ టీచర్ అద్దె ఇంట్లో నడిపిన చిన్న బడి అది. అక్కడ అతను బొత్తాలు పెట్టుకోవడం, కంచం కడుక్కోవడం, వరసలో నిలబడడం నేర్చుకున్నాడు. అన్నిటికన్నా బాగా నేర్చుకున్నది చెప్పిన మాట వినడం. హెలెన్ టీచర్ ఓపికగల మనిషి, పిల్లల మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. కానీ రోజూ ప్రార్థన కాగానే "చెప్పిన మాట వినేవాడే మంచి పిల్లాడు" అని అందరిచేతా అనిపించేది. ఆ మాట మామూలు బడుల్లోనూ చెబుతారు. అక్కడి పిల్లలు రెండో తరగతికల్లా అది ఊరికే అనే మాటని కనిపెట్టేస్తారు. ముబారక్ కనిపెట్టలేదు. ఇలాంటి పిల్లలకు మనం విధేయత ఒక్కటీ నూరిపోస్తాం, దానివల్ల మన పని తేలికవుతుంది కనుక. కాదనడం నేర్పాలని ఎవరికీ తోచదు.

దుకాణంలో ఆ గుణం బాగా కలిసొచ్చింది. ఇమామ్ సాహెబ్ మూడు మాటలతో పని నడిపేవాడు. "మెల్లగా" అంటే కొత్త దూది. "గట్టిగా" అంటే రాయిలా బిగిసిన పాత దూది. "ఆపు" అంటే ఇక చాలని. ఆ మూడో మాట చెవిన పడేదాకా ముబారక్ కర్ర ఆగదు. ఒకసారి ఇమామ్ సాహెబ్ జుమ్మా నమాజుకు వెళ్లి, దారిలో ఎవరో దొరికితే కబుర్లలో పడి, పొద్దువాలాక తిరిగొచ్చాడు. పరుపుకు సరిపడా దూది పొడైపోయి వీధంతా ఎగురుతోంది. ముబారక్ చొక్కా తడిసి ముద్దయింది, ఇంకా కొడుతూనే ఉన్నాడు. అప్పట్నుంచీ ఆయన గడప దాటేముందు "ఆపు" అని చెప్పి మరీ వెళ్లేవాడు.

కిందటేడు వేసవిలో చెంచుపేట నుంచి కామేశ్వరమ్మ అనే రిటైరైన లెక్కల టీచరు ఒక పరుపు తీసుకొచ్చింది. చాలా రోజులుగా ఆమె నడుం పట్టేసి ఉంది. దూదిలో గింజలేమైనా మిగిలాయేమో చూద్దామని ముబారక్ పక్కకు వచ్చి ఎలాగో వంగింది. అప్పటికే కర్ర గాల్లో ఉంది. దెబ్బ ఆమె నడుం మీద పడింది.

"ఓరి నీ..." అంటూ ఆమె నిటారుగా లేచింది. లేచి, తిట్టు మధ్యలో ఆగిపోయింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. "అయ్యో, పట్టు వదిలిందే!" అంది.

పట్టేసిన కండరం ఒక్కోసారి ఉలికిపాటుకు వదులుతుంది. సైకిలు మీంచి పడ్డా వదలొచ్చు. కానీ మన దగ్గర నొప్పి దానంతటది తగ్గితే ఎవరికీ తృప్తి ఉండదు, ఎవరో ఒకరు తగ్గించి ఉండాలి. కామేశ్వరమ్మ ఆ సాయంత్రం గుళ్లో చెప్పింది. విన్నవాళ్లు ఇళ్లలో చెప్పారు. వారం తిరిగేసరికి ముబారక్ కర్రతో ఒక దెబ్బ వేయించుకుందామని దుకాణం ముందు జనం చెప్పులు వదిలి నిలబడ్డారు. గురువారాలైతే వరస వీధి మలుపు దాటేది. హిందువులు వచ్చారు, సాయిబులు వచ్చారు. మోకాళ్ల నొప్పులకు మతం లేదు. ఎవరో ముబారక్ భుజాల మీద పచ్చ గుడ్డ కప్పారు. ఇంకెవరో మెడలో మల్లెదండ వేస్తే అతను తుమ్మాడు. ఆ తుమ్ముక్కూడా అర్థం చెప్పుకున్నారు.

జనం అరటిపళ్లు తెచ్చి పెట్టేవాళ్లు కానీ, ఇమామ్ సాహెబ్ ఒక్క రూపాయి ముట్టలేదు. ఆయనకు దక్కింది వేరే. టీ బంకు దగ్గర జనం బెంచీ మీంచి లేచి "రండి సాయిబు గారూ" అనసాగారు. పెళ్లిళ్లలో "బాబా గారిని తీసుకురాలేదేంటండీ?" అని అడిగారు. ముప్పై ఏళ్లు తల దించుకు తిరిగిన మనిషి ఆ ఒక్క మాటకు పడిపోయాడు. దాన్ని దురాశ అనేస్తే సరిపోదు. తన కొడుక్కి ఇన్నాళ్లకు మర్యాద దొరికిందని ఆయన నిజంగానే నమ్మాడు. ఆ మర్యాద ఎలాంటిదంటే, బాబాకు ఎండ తగలదని చెప్పి ముబారక్‌ని పొద్దుట్నుంచీ ఎండలోనే నిలబెట్టారు. బాబాకు ఆకలి ఉండదన్నారు కాబట్టి అన్నం వేళ దాటిపోయేది. ఆకలేస్తోందని అతనే చెప్పొచ్చు కదా అంటే, అడగందే చెప్పడం అతనికి అలవాటు లేదు.

ఈ సంగతి ముబారక్ అక్క మీరాబీకి చివరన తెలిసింది. ఆమె కాపురం రేపల్లెలో, పెనుమూడిలో అంగన్‌వాడీ టీచరు. ఒక గురువారం సెలవు పెట్టి, ప్యాసింజర్ బండెక్కి తెనాలిలో దిగింది. తమ్ముణ్ణి చూడాలంటే ఆమె కూడా వరసలో నిలబడాల్సి వచ్చింది. ముందున్న ముసలావిడ "చెప్పులిప్పమ్మా" అని మందలించింది.

మీరాబీ చెప్పులతోనే లోపలికి నడిచి తండ్రిని నిలదీసింది.

"ఏంటి నాయనా ఈ వేషం?"

"వేషమేంటే? నేను పిలిచానా? జనం వాళ్లంతట వాళ్లొస్తన్నారు."

"మరి వీడు దూది ఎప్పుడు కొడతాడు?"

"ఇప్పుడు దూది గోల ఎందుకే? నలుగురూ దణ్ణం పెడతంటే..."

"పెట్టించుకునేవాణ్ణి అడిగావా?"

"వాణ్ణి అడిగేదేంటి, వాడికేం తెలుసు?"

"ఏం తెలియనోడు బాబా ఎట్టా అయ్యాడు నాయనా?"

ఇమామ్ సాహెబ్ ఇలాంటప్పుడు తండ్రులు చేసే పనే చేశాడు. నీకు అసూయ అన్నాడు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా గొడవే అన్నాడు. మీరాబీ ఆయన్ని వదిలేసి తమ్ముడి దగ్గర కూర్చుంది.

"ఒరేయ్, ఇది బాగుందా నీకు?"

"అరటిపళ్లు బాగున్నాయక్కా."

"అరటిపళ్లు కాదురా. మనుషుల్ని కొట్టడం."

"మెత్తగా లేరక్కా," అన్నాడు ముబారక్.

ఆమె మళ్లీ తండ్రితో పోట్లాడి, ఇది ఆపకపోతే తమ్ముణ్ణి తీసుకుపోతానని చెప్పి, సాయంత్రం బండికి వెళ్లిపోయింది. ఆయన వినలేదు. మరుసటి గురువారం జరిగింది మాత్రం ఎవరూ అనుకోనిది.

భట్టిప్రోలులో ఎరువుల దుకాణం నడిపే లక్ష్మీనారాయణకు భుజం నొప్పి. మాత్రలు, తైలాలు, పట్టీలు అన్నీ అయ్యాయి. తన వంతు రాగానే కళ్లు మూసుకుని, చేతులు జోడించి ముబారక్ ముందు కూర్చున్నాడు. ఇమామ్ సాహెబ్ "మెల్లగా" అన్నాడు, మనుషులందరికీ అదే మాట చెప్పేవాడు. తర్వాత ఎవరో మంచినీళ్లు అడిగితే లోపలికి వెళ్లాడు. పసిపిల్లాడి దెబ్బ కన్నా తేలికగా కర్ర భుజానికి తగిలింది.

"ఇంత దూరం వచ్చింది ఇందుకా?" అన్నాడు లక్ష్మీనారాయణ. "గట్టిగా కొట్టు బాబా. నా మీద దయ లేదా? గట్టిగా!"

ముబారక్‌కి తెలిసిన గట్టి ఒక్కటే. ఐదేళ్ల పాత దూదిని విడగొట్టే గట్టి. కర్ర తల మీదుగా తిరిగి వచ్చి దిగింది. లక్ష్మీనారాయణ "అమ్మో!" అని అరిచాడు. జనం "బాబా! బాబా!" అని అరిచారు. ఒకామె "దేవుడా!" అంది. ఇంత గోలలో ఆపు అన్నవాళ్లు లేరు. రెండో దెబ్బ పడింది. లోపల్నుంచి ఇమామ్ సాహెబ్ చెంబు పారేసి పరిగెత్తుకొచ్చి ఆ మాట అనేసరికి లక్ష్మీనారాయణ మెడ పక్క ఎముక విరిగింది.

అప్పటిదాకా చేతులు కట్టుకున్నవాళ్లే ముబారక్ చేతులు కట్టేశారు. పరుపులు చుట్టే తాడు అక్కడే ఉంది. షట్టరు పక్కనున్న స్తంభానికి కట్టారు.

"పిచ్చోడికి కర్ర ఎవడిచ్చాడండీ అసలు?" అన్నాడొకడు.

"ఇందాక ఆడి కాళ్ల మీద పడ్డది నువ్వే కదరా," అన్నాడు పక్కవాడు.

"నేను మా ఆవిడ పోరు పడలేక వచ్చా."

ముబారక్ పెనుగులాడలేదు. కట్టేశారు కాబట్టి నిలబడ్డాడు. పోలీసులు వచ్చి తాడు విప్పించి స్టేషనుకు తీసుకెళ్లారు. పచ్చ గుడ్డను మాత్రం ఎవరో జాగ్రత్తగా మడిచి ఇంటికి పట్టుకెళ్లారు.

మీరాబీ వచ్చేసరికి స్టేషన్లో వ్యవహారం దాదాపు తేలిపోయింది. ఎస్సై రవిశంకర్ చెడ్డవాడు కాదు, పని ఎక్కువున్నవాడు. లక్ష్మీనారాయణ చేతికి కట్టుతో బల్ల ఇవతల కూర్చున్నాడు. ఇమామ్ సాహెబ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముబారక్ మూల బెంచీ మీద ఉన్నాడు, అతనితో ఎవరూ మాట్లాడడం లేదు.

"చూడమ్మా," అన్నాడు ఎస్సై, "మతి సరిగ్గా లేనోడి మీద కేసు పెడితే కోర్టులో నిలవదు. పెట్టకపోతే ఈయన ఊరుకోడు. అందరికీ తేలికైన దారి ఒకటుంది. వీణ్ణి ఏదైనా మెంటల్ ఆస్పత్రిలో చేర్పించెయ్యండి. మీ నాయన ఒప్పుకున్నాడు."

మీరాబీ తండ్రి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశాడు. "నా వల్ల కాదే ఇంక," అన్నాడు. "వాడక్కడుంటేనే మేలు."

"ఎన్నాళ్లకి సార్?"

"తగ్గేదాకా."

"వాడికి జబ్బు లేదు సార్. లేని జబ్బు ఎప్పటికి తగ్గుద్ది? చచ్చేదాకా అక్కడే పడుంటాడు."

"జబ్బు లేనోడు మనిషి ఎముక ఎందుకు ఇరగ్గొట్టాడమ్మా?"

"వాణ్ణి అడిగారా సార్?"

ఎస్సై కలం కింద పెట్టాడు. "చెబుతాడా?"

"అడిగితే చెబుతాడు. అడక్కపోతే చెప్పడు. వాడికి అదొక్కటే లోటు."

ఎస్సైకి చిరాకేసింది. అయినా పిలిచాడు. ముబారక్ వచ్చి నిలబడ్డాడు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయి.

"ఏంరా, ఈయన్ని ఎందుకు కొట్టావ్?"

"కొట్టమన్నాడు."

"కొట్టమంటే కొట్టేస్తావా?"

"ఆఁ."

"అంత గట్టిగానా?"

"మెల్లగా కొట్టా. గట్టిగా అన్నాడు."

ఎస్సై లక్ష్మీనారాయణ వైపు తిరిగాడు. "అన్నారా మీరు?"

లక్ష్మీనారాయణ ఇబ్బందిగా కదిలాడు. "భక్తితో అన్నానండి."

తలుపు దగ్గరున్న కానిస్టేబులు మొహం అటు తిప్పుకున్నాడు.

"సరే, భక్తితోనే అన్నాననుకోండి," అన్నాడు లక్ష్మీనారాయణ గొంతు పెంచి. "రెండోసారి ఎందుకు కొట్టాడో అడగండి! రెండోది నేను అడిగానా?"

"ఆపు అన్లేదు," అన్నాడు ముబారక్.

ఎస్సైకి ఇది అర్థం కాలేదు. మీరాబీ దూది పని ఎలా నడుస్తుందో, తండ్రి చెప్పే మూడు మాటలేమిటో వివరించింది. వింటున్నంతసేపూ ఇమామ్ సాహెబ్ తల పైకెత్తలేదు. ఆమె ముగించాక ఆయనే అన్నాడు: "ఆపు అనాల్సింది నేనండి. నేను లోపలికెళ్లా. ఎప్పుడెళ్లినా చెప్పి వెళతా. ఇయాల జనాన్ని చూసి మర్చిపోయా."

కథల్లో అయితే ఇక్కడ అందరి కళ్లూ చెమరుస్తాయి. ఇక్కడ అదేం జరగలేదు. లక్ష్మీనారాయణకు ఎముక విరిగింది, అది అబద్ధం కాదు. కేసు పెట్టి తీరాల్సిందేనని ఆయన మళ్లీ మొదలెట్టాడు. మీరాబీ ఆయనకు అడ్డుపడలేదు.

"మావాడిది తప్పు లేదని నేననట్లేదు బాబాయ్," అంది. "నీకు దెబ్బ తగిలింది. వాడు కొట్టాడు. వాడొచ్చి నీకు క్షమాపణ చెప్పుకోవాలి, అది వాడి బాధ్యత. పిచ్చోడని వదిలెయ్యమని అడగడం లేదు. పిచ్చోడని ఎక్కడో పారెయ్యొద్దని అడుగుతున్నా."

"పిచ్చోడి క్షమాపణ నాకెందుకమ్మా?"

"పొద్దున పిచ్చోడి దెబ్బ కావాల్సొచ్చింది కదా!"

ఈసారి కానిస్టేబులు బయటికే వెళ్లిపోయాడు.

ముబారక్ ఎవరూ చెప్పకుండానే లక్ష్మీనారాయణ దగ్గరికి వెళ్లి కట్టును చూశాడు. "నొప్పా?" అని అడిగాడు.

"నొప్పి కాకపోతే?"

"ఇంక కొట్టను."

లక్ష్మీనారాయణ "సర్లే, పో," అన్నాడు. అంతకుమించి పెద్దమనసేమీ చూపలేదు. ఇంటికి వెళ్లాక ఆయన భార్య, అంత ఊరి జనంలో తన్నించుకున్న సంగతి కోర్టెక్కి మరీ చెప్పుకుంటావా అని దులిపేసిందట. ఫిర్యాదు అలా ఆగిపోయింది. న్యాయం చాలాసార్లు ఇలాంటి సందుల్లోంచే వస్తుంది, వచ్చిన దారి చూసి తిప్పి పంపలేం.

ఎస్సై రెండు షరతులు పెట్టాడు. దుకాణం ముందు జనం చేరకూడదు. కొన్నాళ్లు ముబారక్ తెనాలిలో ఉండకూడదు. రెండోది విని మీరాబీ వెంటనే "నా దగ్గరుంటాడు సార్, రేపల్లెలో" అంది. అప్పుడు ఆమె కూడా ముబారక్‌ని అడగలేదు.

రేపల్లెలో ఆమె అతనికి ఒకే పాఠం పెట్టుకుంది. రోజూ తనతోపాటు పెనుమూడి అంగన్‌వాడీకి తీసుకెళ్లి, పిల్లల ముందు నిలబెట్టి, "కొట్టు" అనేది. "కొట్టను" అనాలి. మొదట్లో ముబారక్‌కి అది పరమ ఘోరంగా తోచింది. పెద్దవాళ్లు చెప్పిన మాట కాదనడం అతని ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్నడూ చేయని పని. నోరు తెరిచి, మూసి, చెమటలు కక్కేవాడు. పిల్లలకు మాత్రం ఈ ఆట తెగ నచ్చింది. "కొట్టు బాబా!" అని వాళ్లే అరిచి, "కొట్టను!" అని వాళ్లే అరిచేవాళ్లు. ఆ ఊపులో అతనికీ నోరు తిరిగింది.

తిరిగాక ఆగలేదు. స్నానం చెయ్యరా అంటే చెయ్యను. వంకాయ కూర తినరా అంటే తినను. ఆయా సాయిసుధ నవ్వు ఆపుకోలేక, "ఏం నేర్పారండీ మీరాబీ గారూ, ఇంట్లో మా ఆయన ఒకడు చాలడా?" అంది. మీరాబీకి ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్లు మండేది. కాదనే హక్కు ఒక్క కర్ర విషయంలోనే ఉండాలని ఆమె అనుకుంది కాబోలు.

వానలు పట్టాక ఇమామ్ సాహెబ్ రేపల్లె వచ్చాడు. దుకాణంలో పరుపులు పేరుకుపోయాయి, ఆయన చేతులు సాగడం లేదు. మీరాబీ కచ్చితంగా చెప్పింది.

"పంపను నాయనా. అక్కడ మళ్లీ ఎవడో వచ్చి దండేస్తాడు. నువ్వు మళ్లీ ఒప్పుకుంటావు."

"ఒట్టు, ఒప్పుకోనే."

"ఆస్పత్రికిచ్చేస్తానన్నోడివి నువ్వు. నిన్ను నేను నమ్మను. వాడు ఇక్కడుంటేనే క్షేమం."

"వాడి పని అక్కడుందే."

"పని కన్నా వాడు ముఖ్యం."

ఇద్దరి మధ్యా కూర్చుని ముబారక్ జంతికలు తింటున్నాడు. ఎవరూ అడగకుండానే మాట్లాడాడు.

"నేనుండనక్కా."

మీరాబీ నిర్ఘాంతపోయింది. "ఏంట్రా?"

"ఇక్కడుండను. తెనాలి పోతా. దూది కొడతా."

"అక్కడ మళ్లీ మనుషుల్ని కొట్టమంటార్రా."

"కొట్టను."

"నాయన చెప్పినా?"

"చెప్పినా కొట్టను."

ఆమెకు తెలిసిన వాదాలన్నీ మిగిలే ఉన్నాయి. తమ్ముడికి మంచేదో తనకు తెలుసు, అతనికి తెలియదు, రేపేం జరుగుతుందో అతను ఊహించలేడు. ఇవన్నీ కొంతవరకు నిజాలే. స్టేషన్లో ఎస్సై, తన తండ్రి చెప్పినవి కూడా సరిగ్గా ఇవే. ఆమె లేచి లోపలికి వెళ్లి అతని చొక్కాలు సంచీలో సర్దింది. సర్దుతున్నంతసేపూ తిడుతూనే ఉంది.

సోమవారం అంగన్‌వాడీలో పిల్లలు ముబారక్ ఏడని అడిగారు. "పంపించేశారా?" అంది సాయిసుధ.

"నేను పంపడమేంటండీ? వాడే పోయాడు," అంది మీరాబీ కాస్త కోపంగా.

తెనాలిలో చెప్పులు వదిలేవాళ్లు ఇప్పటికీ ఒకరిద్దరు వస్తారు. కొట్టననే మాట విని తిరిగి వెళతారు. ఊళ్లో దీన్ని మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఇమామ్ సాహెబే ఒకరోజు కూతురికి ఫోన్ చేసి మొత్తుకున్నాడు.

"నీ తమ్ముడికి పొగరెక్కువైందే. టీ బంకు దగ్గర అందరూ అదే మాట. అంగన్‌వాడీలో మాదిరి ఆదివారం సెలవంట, పని చెయ్యడంట."

"అయితే చెయ్యడు."

"మాటిచ్చిన పరుపులున్నాయే. పనెట్టా నడవాలి?"

"వాణ్ణే అడగరాదూ?"

"అడిగా. బాపట్ల పోయి సముద్రం చూడాలంట. నన్నూ రమ్మంటన్నాడు."

"మరి పోండి."

ఆ ఆదివారం దుకాణం షట్టరు దించి ఉంది. చుండూరు నుంచి పరుపు వేసుకొచ్చిన ఆటో కాసేపు హారన్ కొట్టి, తండ్రీకొడుకులిద్దర్నీ తిట్టుకుంటూ వెనక్కి తిరిగింది.